కొండదారికి ఒక చిన్న గిన్నె



సెలవు రోజున పిల్లలతో పొద్దున్నే బయలుదేరి, ఏదైనా కొండ ఎక్కి, చీకటి పడేలోగా ఇల్లు చేరుకునే నడకలు మన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో కొత్తవి కావు. అలాంటి నడకకు ఏ వంట సామాను తీసుకువెళ్లాలి, తక్కువ ఖర్చుతో దాన్ని ఎలా ఎంచుకోవాలి అనే విషయం మీతో ముచ్చటిస్తాను.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా బడి పిల్లలను కళుగుమలైకి తీసుకువెళ్లాను. కోవిల్‌పట్టికి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 8వ శతాబ్దంలో, పాండ్యుల కాలంలో, ఒకే రాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి, పూర్తికాకుండానే ఆపేసిన వెట్టువాన్ కోవిల్ అక్కడుంది. ఆ పక్కనే జైన శిల్పాలున్నాయి. కొండమీద ఉప్మా చేసుకుందామని ఇంట్లో ఏ పాత్ర కనబడితే అది మోయించాను. ఇనుప మూకుడు, ఇత్తడి తపేలా, గరిటెలు, ఇంకా ఏవేవో. తపేలా గోనెసంచిలో వేసి ఏడో తరగతి పిల్లవాడి భుజానికి తగిలించాను. సగం దారిలో వాడు, "టీచర్, మీరు పోయి రండి, నేను ఈడనే కూచుంటా" అన్నాడు. పైకి వెళితే కావలి మనిషి, "ఇక్కడ నిప్పు రాజేయకూడదమ్మా" అన్నాడు. అతను చెప్పింది న్యాయమే. పొగ, మసి ఆ శిల్పాలకు చేటు. మోసిందంతా మళ్లీ కిందికి మోసుకొచ్చాం. వాడి భుజాన తాడు ఒరిసి ఎర్రగా కమిలింది. శిల్పాలు చూడని పిల్లవాడు వాడొక్కడే. కింద వండిన ఉప్మా ఆ పూట నాకు గొంతు దిగలేదు.

కనుక గిన్నె కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మనం వెళ్లేచోట పొయ్యి పెట్టవచ్చా? శ్రీవిల్లిపుత్తూరు వైపు కొండలు 1988 నుంచి బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యం. 2021లో మేఘమలైతో కలిపి పులుల అభయారణ్యంగా ప్రకటించారు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. చట్టం మాట అలా ఉంచండి. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చెలరేగి, నడకకు వెళ్లినవారిలో 20 మందికి పైగా చనిపోయారు. ఎండిన బోదగడ్డికి నిప్పంటుకుంటే మనిషి పరుగు దానికి చాలదు. అగ్గిపెట్టెలు చేసే ఊరివాళ్లం, ఈ మాట మనకు ఇంకొకరు చెప్పాలా? అడవికి వెళ్లిన రోజున పులిహోర పొట్లం, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన మన కోవిల్‌పట్టి కడలైమిఠాయి చాలు. పొయ్యి మాట అడవి వెలుపలే. ఊరి కణ్మాయి గట్టునో, రైతు సరేనన్న బీడులోనో, గడ్డి లేని చోట పెట్టుకోవాలి.

ఇక గిన్నె సంగతి. మన పాత్రల కొట్లలో స్టీలు, సత్తు సామాను సాధారణంగా తూకం లెక్కన అమ్ముతారు. అంటే ఒకే లోహంలో తేలిక గిన్నె ధరకూ తేలికే. నడిచేవాడికి కావలసిందీ అదే. ఒకే కొలత, ఒకే మందం ఉన్న గిన్నెలు రెండు తీసుకుంటే, సత్తు గిన్నె స్టీలు గిన్నెలో సుమారు మూడో వంతు బరువే తూగుతుంది. వేడి కూడా సమంగా పాకుతుంది, అడుగు త్వరగా మాడదు. అయితే చింతపండు పులుసు, టమాటా, మజ్జిగ అందులో నిలవ ఉంచకూడదు. పులుపు సత్తును తింటుంది. పులుపు వండేవారికి పలుచటి స్టీలే మేలు. అంచును బొటనవేలితో నొక్కి చూడండి. సొట్టపడేంత పలుచన పనికిరాదు.

నిజానికి చాలామంది కొత్తది కొననక్కరలేదు. పొలానికి గంజి తీసుకువెళ్లే తూక్కు మన ఇళ్లలో ఉండనే ఉంది. ఆంధ్ర వైపు దాన్ని క్యాను అంటారు. మూత ఉంది, పైన కమ్మి పిడి ఉంది, అడుగు చదునుగా ఉంది. కొండనడకకు ఇంతకంటే ఏం కావాలి? ప్లాస్టిక్ పిడి మాత్రం ఉండకూడదు. పొయ్యి మీద మూత బిగించకుండా వదులుగా పెట్టాలి. బిగిస్తే ఆవిరి ఎగదన్నుతుంది.

నలుగురికి లీటరున్నర పట్టే గిన్నె ఒకటి చాలు. పావుకిలో రవ్వ ఇంట్లోనే వేయించి, పోపు కలిపి, పొట్లం కట్టుకోండి. ముప్పావు లీటరు నీళ్లు మరిగించి అందులో పోసి కలిపితే ఉప్మా సిద్ధం. రవ్వ పొట్లం, గ్లాసులు, చిన్న పట్టకారు, డబ్బీలో పెట్టిన అగ్గిపెట్టె అన్నీ గిన్నెలోనే సర్దుకోవచ్చు. గిన్నె వెలుపల తడిమట్టి పూసి పొయ్యెక్కిస్తే మసి సులువుగా వదులుతుంది. లీటరు నీళ్లు కిలో బరువు. ఈ కరువు నేలలో గిన్నె తోమడానికి నీళ్లు మోయడం కంటే ఈ ఉపాయం మేలు.

మూడు రాళ్లు, బొటనవేలంత పుల్లలు, పైన మూత ఉంటే తక్కువ చితుకులతోనే నీళ్లు కాగుతాయి. ఆడి నెల గాలికి మాత్రం పొయ్యి పెట్టకండి. స్పిరిట్ స్టవ్ చవకే కాని, పిల్లల చేతికి ఇవ్వవద్దు. ఆ మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోస్తే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఏ పొయ్యి అయినా సరే, బూడిదలో నీళ్లు పోసి, చేత్తో తాకి, చల్లబడ్డాకనే లేవాలి.

ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' నవలలో తెలుగువారు దక్షిణాదికి తరలివచ్చిన కథ ఉంది. అంత దూరం నడిచినవారు మోయగలిగిందే తెచ్చుకుని ఉంటారు. ఒక్క పూట నడిచే మనకు అంత బరువెందుకు?

మరుసటి ఏడు ఆ పిల్లవాణ్ని మళ్లీ కళుగుమలైకి తీసుకువెళ్లాను. ఈసారి వాడి చేతిలో తూక్కు ఒక్కటే ఉంది. అందరికంటే ముందు పైకి చేరి, "టీచర్, ఈ కోవిల ఎందుకు సగంలో ఆపేసినారు?" అని అడిగాడు. మనం పిల్లల్ని కొండకు తీసుకువెళ్లేది అలాంటి ప్రశ్న కోసమే కదా.