వరద తీశాక మేళం ఎక్కడ?

2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి వరద పులపత్తూరు, మందపల్లె, తొగురుపేటల మీద పడింది. నందలూరు, రాజంపేట మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రేణిగుంట–కడప దారిలో రైళ్లు ఆగాయి. ఇల్లూ, పొలం, గొడ్డూ పోతే అధికారులు రాసుకుంటారు. డప్పు, డోలు, సన్నాయి మీద బతికేవాళ్లకు పోయేది మాత్రం ఏ జాబితాలోనూ ఇమడదు. డాక్యుమెంటరీ తీయాల్సింది దాని మీదే.

తడిసిన డప్పును మంట దగ్గర కాస్తే మళ్లీ బిగుస్తుంది. రోజుల తరబడి బురదలో నానితే తోలు కుళ్లిపోతుంది. కొత్తది కొనివ్వచ్చు, నిజమే. కానీ ఫలానా ఇంటి పెళ్లికి, ఫలానా ఊరి జాతరకు పిలిచే వాడుకను ఎవరు కొనిస్తారు? డోలు ఒక ఊళ్లో, సన్నాయి మరో ఊళ్లో తలదాచుకుంటే మేళమే లేదు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను తర్వాత రాబర్ట్ మగ్గీ తీసిన ‘న్యూ ఓర్లీన్స్ మ్యూజిక్ ఇన్ ఎగ్జైల్’ డాక్యుమెంటరీ మునిగిన ఇళ్లతో సరిపెట్టుకోలేదు. హ్యూస్టన్, మెంఫిస్ లాంటి ఊళ్లకు చేరిన వాద్యకారుల వెంట వెళ్లింది.

అన్నానికే కరువైనప్పుడు పాటేమిటని అడగొచ్చు. వీళ్లకు అన్నం పెట్టేదే ఆ పాట. కష్టాన్ని సొమ్ము చేసుకోవడం కాదా అన్నది గట్టి ప్రశ్న. అందుకే వాయించిన ప్రతిసారీ కచేరీకిచ్చినట్టే కూలి ఇవ్వాలి. షూటింగు వరద రోజుల్లో వద్దు. మే నెలలో, తిరుపతి గంగ జాతర వేళ మొదలుపెడితే ఎవరికి పిలుపొచ్చిందో, ఎవరు ఇంటిపట్టునే ఉండిపోయారో తెలుస్తుంది.