పోలీసుల పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి?



నేర న్యాయవ్యవస్థలో పోలీసులది మొదటి మెట్టు. ఫిర్యాదు నమోదు, దర్యాప్తు, సాక్ష్యాలు కోర్టు ముందుంచడం వరకే వారి పని. నేరం తేల్చేది, శిక్ష వేసేది న్యాయస్థానం.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర, కూతురు కనిపించడం లేదని వెళ్లిన కుటుంబాన్ని 'మా పరిధి కాదు' అని తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. జనం పూలు చల్లారు. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతో జరిపినవేనని, 10 మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది.

ఆ రాత్రి చేయాల్సిన పని చేయలేదు. తొమ్మిది రోజులకు చేయకూడని పని చేశారు. రెండోది మొదటిదాన్ని మరుగుపరిచింది. న్యాయం పేరుతో తూటాను ఒప్పుకుంటే, ఫిర్యాదు తీసుకోని స్టేషన్‌ను నిలదీసే హక్కును మనమే వదులుకున్నట్లు.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. అత్యాచారం ఫిర్యాదు నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 సంవత్సరాల దాకా కఠిన జైలుశిక్ష ఉంది. స్టేషన్ మెట్లెక్కే ప్రతి స్త్రీ పక్కన, ఈ సెక్షన్లు తెలిసి మనలో ఒకరం నిలబడాలి.