రాటుదేలని దేహం

మాటలు పడీ పడీ ఫలానావాడు రాటుదేలాడని మనం కాస్త మెప్పుగానే అంటాం. అవమానం అలవాటైతే మనిషి గట్టిపడతాడన్న నమ్మకంతోనే మన బళ్లు, ఆఫీసులు చాలావరకు నడుస్తున్నాయి. ఈ నమ్మకం నిలవదని నా వాదం.

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో కిర్ష్‌బామ్ బృందం 1993లో ప్రకటించిన పరీక్షను చూడండి. అందులో తిట్లు లేవు, దెబ్బలు లేవు. ఫలానా ఉద్యోగానికి తాను ఎందుకు తగినవాడో ముక్కూమొహం తెలియనివాళ్ల ఎదుట ఐదు నిమిషాలు చెప్పాలి. తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పాలి. తప్పితే మళ్లీ 1022 దగ్గర మొదలు. ఎదుట కూర్చున్నవాళ్లు నవ్వరు, తలూపరు. అంతమాత్రానికే లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగింది. డికర్సన్, కెమెనీ అనే పరిశోధకులు 2004లో 208 అధ్యయనాలను కలిపి చూస్తే అసలు కీలకం బయటపడింది. పని కష్టమైనంత మాత్రాన ఇంత అలజడి రేగలేదు. నలుగురూ తనను తూచుతున్నారు, ఏం చేసినా ఫలితం తన చేతిలో లేదు అన్న రెండూ కలిసినచోటే కార్టిసాల్ అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది, తగ్గడానికీ ఎక్కువసేపు పట్టింది. (మన మౌఖిక పరీక్షల గదులు మీకు గుర్తొస్తే తప్పు నాది కాదు.)

పదేపదే జరిగితే అలవాటైపోదా అని అడగవచ్చు. అదే బృందం 20 మంది పురుషులను ఐదు రోజులు వరసగా ఈ పరీక్షకు కూర్చోబెట్టి 1995లో ఫలితాలు ప్రకటించింది. 13 మందిలో కార్టిసాల్ స్పందన త్వరగానే తగ్గింది, ఏడుగురిలో మాత్రం రోజూ దాదాపు అంతే గట్టిగా వచ్చింది. ఆ ఏడుగురూ తమపై తమకు గురి తక్కువని చెప్పుకున్నవారు. ఏడుగురిని చూసి సిద్ధాంతం కట్టలేం, నిజమే. కానీ 2003 నాటి మరో ప్రయోగంలో, కార్టిసాల్ తగ్గుతూ వచ్చినా గుండె వేగం, అడ్రినలిన్ ప్రతిసారీ ముందులాగే ఎగిశాయి. అంటే ఒక వ్యవస్థ సర్దుకుపోయినా మరొకటి సర్దుకోలేదు.

కింది మెట్టులో ఉన్నవారి దేహం దెబ్బతినడం పేదరికం చేసే పనేనని మరికొందరంటారు. 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా నెలజీతం తీసుకునే ప్రభుత్వోద్యోగులు. అయినా పైమెట్టు అధికారులతో పోలిస్తే అట్టడుగు మెట్టువారిలో గుండెజబ్బు మరణాలు సుమారు మూడింతలు. పొగ, రక్తపోటు, కొలెస్టరాల్ కలిపినా ఆ తేడాలో సగం కూడా తేలలేదు. వైట్‌హాల్ అవమానాన్ని నేరుగా కొలవలేదు, ఒప్పుకుంటాను. అయితే 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, పనిమీద తమకు పట్టులేనివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేలింది. మన దేశానికొస్తే, ఉత్తరప్రదేశ్ గ్రామీణ బాలురతో పరిశోధకులు హాఫ్, పాండే చేసిన ప్రయోగం 2006లో వెలువడింది. కులం బయటికి చెప్పనంతసేపూ చిక్కుదారుల పజిళ్లు అందరితో సమానంగా విప్పిన దళిత బాలురు, అందరి ముందూ కులం ప్రకటించగానే వెనకబడ్డారు.

క్రమశిక్షణ వద్దా అన్న ప్రశ్నకు ఆ 208 అధ్యయనాలే జవాబు. పాఠాన్ని తేలిక చేయమని ఎవరూ కోరడం లేదు. వారాంతపు పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లు మార్చే మన జూనియర్ కాలేజీలు కష్టమైన ప్రశ్నలే ఇవ్వనీ. ఆ ర్యాంకుల జాబితాను గోడకు అంటించడం వల్ల ఏ పిల్లవాడికి భౌతికశాస్త్రం బాగా వచ్చిందో మాత్రం యాజమాన్యాలు చూపించాలి.