నూతినోటి నగరము



నదులు లేని దేశమున మహానగరములు వెలయుట అరుదు. నైలునది లేక ఈజిప్టు లేదు. సింధువు లేక మొహెంజొదారో లేదు. కాని మెక్సికో దేశపు యూకటాన్ ద్వీపకల్పమున, ఉత్తరభాగమంతయు వెదకినను, నేలపై పారు నది యొక్కటియు కానరాదు. అట్టి చోట మాయాజాతివారు వేయేండ్లకు పూర్వమే గొప్ప పట్టణములు కట్టి బ్రదికిరి. అది యెట్లు సాధ్యమైనదో తెలియుటకు చిచెన్ ఇట్జాలో ఒక దినము గడపిన చాలును.

ఆ నేల యంతయు సున్నపురాయి. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాతిని కొంచెముకొంచెముగా కరగించుచు లోనికి ఇంకును. యుగములు గడచునప్పటికి భూగర్భమున గుహలేర్పడి, వానిలో నీరు నిలుచును, పారును. గుహ పైకప్పు కూలిన చోట ఆకాశమునకు నోరు తెరచిన నుయ్యి యేర్పడును. బెలుం గుహలు చూచిన తెలుగువారికి, రాతిపై నీరు చేయు ఈ పని క్రొత్త కాదు. ఇట్టి నూతిని మాయావారు ‘త్సోనోత్’ అందురు. స్పెయినువారి నోట అది ‘సెనోటే’ అయినది. చిచెన్ ఇట్జా యను పేరునకే ‘ఇట్జాల నూతినోటియొద్ద’ అని అర్థము.

యాత్రికులు మెరిడా నుండి గాని, సముద్రతీరమందలి కాన్‌కూన్ నుండి గాని ఉదయముననే బయలుదేరుదురు. మెరిడా నుండి దూరము సుమారు 120 కిలోమీటర్లు. ఎండ ముదురక మునుపే చేరుట మేలు. మొదట కంటబడునది కుకుల్కాన్ ఆలయము. కుకుల్కాన్ అనగా ఈకలు ధరించిన సర్పదేవత. నాలుగు ప్రక్కల మెట్లు, ప్రక్కకు 91 చొప్పున 364. పై అరుగుతో కలిసి 365. సంవత్సరమునే రాతిలో లెక్కగట్టిన కట్టడమిది. మార్చి, సెప్టెంబరు నెలల విషువద్దినములందు, సాయంకాలపు నీడ మెట్లప్రక్క గోడపై పాము దిగివచ్చుచున్నట్లు పడును. భారతదేశముతో ఏ సంబంధమును లేకయే సున్నను కనుగొన్న జాతికి ఇట్టి లెక్క అసాధ్యము కాదు. నేడు ఆ మెట్లెక్కుట నిషిద్ధము. 2015లో మెక్సికో శాస్త్రజ్ఞులు భూమిని విద్యుత్తుతో శోధించి, ఆ గుడి అడుగునను ఒక సెనోటే యున్నట్లు గుర్తులు కనుగొనిరి.

ఆలయమునకు ఉత్తరముగా పోయిన బాట పవిత్ర సెనోటేకు చేరును. దాని వెడల్పు సుమారు 60 మీటర్లు. వానదేవుడైన చాక్‌ను తలచి ఇందులో పచ్చరాళ్లను, బంగారమును, ధూపద్రవ్యములను, తుదకు మనుష్యులను కూడ అర్పించిరి. దొరకిన యెముకలలో పసివారివియు కలవు. ఆ క్రూరత్వమును సమర్థింప నవసరము లేదు. కాని దానివెనుకనున్న అనావృష్టి భయమెంతటిదో కరవు చూచిన సీమవారు ఊహింపగలరు. 20వ శతాబ్ది ఆరంభమున ఎడ్వర్డ్ థాంప్సన్ అను అమెరికా దేశస్థుడు ఈ నూతిని తోడించి, లభించిన వస్తువులను హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పీబడీ మ్యూజియమునకు పంపెను. తరువాతి కాలమున వానిలో కొంతభాగము మెక్సికోకు తిరిగి చేరినది. ఇచ్చట ఎవరును నీట దిగరాదు.

ఈతకొరకు యాత్రికులు సుమారు మూడు కిలోమీటర్ల దూరముననున్న ఇక్ కిల్ సెనోటేకు పోవుదురు. నేలమట్టమునకు దాదాపు 26 మీటర్ల దిగువన నీరుండును. రాతి మెట్లు దిగుచుండగా ఎండయు సందడియు వెనుకబడును. పైనుండి చెట్లవేళ్లు, తీగలు నీటివరకు త్రాళ్లవలె వ్రేలాడును. నడుమ పడిన వెలుగులో నీరు నీలముగా మెరయును. చిన్న చేపలు తిరుగాడును. లోతు మిక్కుటము గావున ఈత రానివారు తేలుడు చొక్కా తొడుగుకొనవలెను. దిగుటకు మునుపు ఒడలు కడుగుకొనవలెనని అచ్చటి నియమము. ఎండకు పూసికొన్న లేపనములు నీటిలో కలియరాదు.

కొందరికిది చాదస్తముగా తోచును. కాని యూకటాన్ ప్రజలు త్రాగునది ఆ భూగర్భజలమునే. సున్నపురాతి పగుళ్లు మలినమును వడపోయజాలవు. ఒకచోట పడినది మరియొక ఊరి బావిలో తేలును. మాయాజాతి అంతరించినదని వ్రాయువారు కలరు. అది సత్యము కాదు. నేటికిని లక్షలమంది ఆ భాష మాటలాడుచున్నారు. వారికి ఈ నూతులు గతవైభవ చిహ్నములు మాత్రమే కావు, నేటి దాహమునకు ఆధారములు. హోమున్ అను ఊరి సెనోటేల చెంత వేలకొలది పందుల పెంపకశాల వెలయగా, 2018లో గ్రామస్థులు తమ పిల్లల పేర న్యాయస్థానము నాశ్రయించి దాని పనిని ఆపివేయించిరి.

రాతిగుడిని చూచి అబ్బురపడుట తేలిక. ఆ గుడిని నిలిపిన నీటిని, నేడును ఆ నీటిపై బ్రదుకు జనులను గుర్తించిననే యాత్ర సఫలమగును. ఈతకు మునుపు శ్రద్ధతో ఒడలు కడుగుకొను యాత్రికుడు ఆ జాతికి చేయదగిన మొదటి మర్యాద చేసినవాడగును.