గడియారం నిండక ముందే



1999 డిసెంబరు 31 రాత్రి కరీంనగర్‌లో ఆఫీసు కంప్యూటర్ ముందు జాగారం చేసినవాళ్లలో నేనొకణ్ణి. తేదీ 2000కు మారింది, ఏమీ కాలేదు. చాయ తాగి ఇళ్లకు వెళ్లాం. ఏమీ కాకుండా ముందు ఎంత పని జరిగిందో బయటివారికి తెలియదు. అటువంటి గండమే ఇంకొకటి ఉంది.

యూనిక్స్ తరహా యంత్రాలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. పాత 32 బిట్ల లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 సెకన్లకే చోటుంది. మన టైము ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండుతుంది. మరుక్షణం తేదీ 1901 డిసెంబరుకు పోతుంది. అంటే రికార్డు ప్రకారం మనమింకా పుట్టనే లేదు!

ఈ లెక్క చూసేది కెర్నెల్. యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య ఉండి మెమొరీ, డిస్కు, టైము పంచే మూల ప్రోగ్రాము అది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్‌లో ఈ మరమ్మతుకు ఏళ్లు పట్టింది. 64 బిట్ల చోటిస్తే సరిపోతుంది గాని, కొత్త కెర్నెల్ వచ్చిందని పాత ప్రోగ్రాము ఆగిపోరాదన్నది అక్కడి కట్టుబాటు. (జీవోలు రాసేవారికీ ఇది ఉంటే బాగుండు.) అందుకే టైము అడిగే పాత దారి మూయకుండా, పక్కన కొత్త దారి వేశారు. 2020 మార్చిలో వచ్చిన 5.6తో 32 బిట్ల యంత్రాలకూ ఆ పని కుదిరింది.

అయితే పైన నడిచే ప్రోగ్రాములనూ కొత్త దారికి మళ్లించాలి. ఇప్పుడు ఉద్యోగంలో చేరే పిల్లల రిటైర్మెంటు 2038 దాటుతుంది. కంప్యూటర్‌లో ఆ తేదీ సరిగా పడిందో లేదో ఒకసారి చూసుకోమనండి.