మంచు ఇచ్చిన ఏకాంతం

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఏటా ఈ రోజున మనం ఒకచోట చేరుతున్నాం. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, మనం చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు తేల్చి చెప్పింది. డి.ఏ. బకాయిల సంగతి, వైద్యం బిల్లుల సంగతి నాకంటె బాగా తెలిసినవారు ఇందాకే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చి, "అమెరికాలో ఒక చలికాలం గడిపి వచ్చారు కదా, ఆ మంచు గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. మంచుకీ పెన్షనర్లకీ ఏమిటి సంబంధం అని మీకు తోచవచ్చు. ఉంది. చివరికి అక్కడికే వస్తాను.

నేను 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ముప్ఫై ఆరేళ్ళు చప్పుడులోనే బతికాను. టైపు మిషన్ల టకటకలు, పంకా కిరకిరలు, కౌంటరు దగ్గర తోపులాటలు, అడంగల్ కాపీ కోసం వచ్చిన రైతుల కేకలు, లోపలి గదిలోంచి ఆఫీసరుగారి బెల్లు. ఆఫీసులో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం ఎప్పుడుండేది? ఆడిట్ పార్టీ వచ్చినప్పుడు, కలెక్టరుగారు తనిఖీకి వచ్చినప్పుడు. అంచేత నిశ్శబ్దం అంటే ఏదో ముంచుకొస్తోందన్నమాటే అని నా నరాలకు అలవాటైపోయింది. మీలో చాలామందికీ అంతేననుకుంటాను.

రిటైరయ్యాక ఇంట్లో ఆ లోటు లేకుండా మా ఇంటావిడ చూసుకుంది. పొద్దున్నే విశాఖ ఆకాశవాణి పెట్టేది. కుక్కరు కూతలు, పనిమనిషితో వాదనలు, నాతో వాదనలు. 2019లో ఆవిడ కాలం చేసింది. ఆ తరవాత ఇంట్లో మిగిలిన నిశ్శబ్దం వేరు. రేడియో పాడకపోతే ఆవిడ లేదని గుర్తు. కుక్కరు కూయకపోతే ఆవిడ లేదని గుర్తు. వీధిలో అందరి ఇళ్ళూ సందడిగా ఉండి మన ఇల్లొక్కటే మౌనంగా ఉంటే, ఆ మౌనం మనవైపే వేలెత్తి చూపిస్తున్నట్టు ఉంటుంది. ఈ సభలో ఆ అనుభవం ఉన్నవారు నేనొక్కణ్ణే కాదు.

అలాంటి రోజుల్లో, 2022 నవంబరులో, మా అబ్బాయి నన్ను మినియాపొలిస్ తీసుకువెళ్ళాడు. "చలికాలంలో ఎందుకురా, అందరూ వేసవిలో వెళతారు కదా" అన్నాను. "వేసవి దాకా మీరొక్కరూ ఎందుకు" అన్నాడు. సరేనన్నాను.

ఇక్కడ ఒక చిన్న మాట. మన తెలుగులో పొగమంచుకీ మంచే, గడ్డిమీద పొద్దున కనిపించే నీటిచుక్కకీ మంచే, హిమాలయాలమీద ఉండేదీ మంచే. నేను కొన్నాళ్ళు చింతపల్లిలో పనిచేశాను. ఇప్పుడందరూ చూడటానికి వెళ్ళే లంబసింగి ఆ మండలంలోదే. 2022లో జిల్లాలు మార్చాక అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున ఎదురుగా వచ్చే మనిషి పది అడుగుల దగ్గరకు వస్తేగాని ఆనవాలు తెలియడు. నెగళ్ళ చుట్టూ కూర్చుని "మంచు కురుస్తోంది" అనుకునేవాళ్ళం. కాని అక్కడ కురిసేది చూరుమీంచి బొట్లుబొట్లుగా రాలే నీరు. పొద్దెక్కితే పోయేది. నిజంగా ఆకాశంనుంచి దూదిలా దిగి, నేలమీద నెలల తరబడి నిలిచే మంచును నేను డెబ్భై ఏళ్ళు దాటాకే చూశాను.

మినియాపొలిస్ 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరులో పొద్దున పావుతక్కువ ఎనిమిదికి గాని సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగున్నరకే వెళ్ళిపోతాడు. మన సెక్షన్లలో కొందరి హాజరులాగే. మామూలుగా ఏడాదికి 50 అంగుళాల పైచిలుకు మంచు పడే ఊరు అది. నేను వెళ్ళిన 2022-23 చలికాలంలో 90 అంగుళాలు పడింది. ఆ ఊరి రికార్డుల్లో అది మూడో స్థానం. జనవరి మొదటి వారంలో ఒక్క విడతలోనే అడుగుకు పైగా పడింది.

ఆ రాత్రి మెలకువ వచ్చింది. చప్పుడైతే మెలకువ రావడం మనకు తెలుసు. చప్పుడు ఆగిపోతే మెలకువ రావడం అదే మొదటిసారి. దూరంగా పెద్ద రోడ్డుమీద ఎప్పుడూ ఉండే హోరు లేదు. కిటికీ తెర తీసి చూస్తే, వీధి దీపం వెలుగులో మంచు తాపీగా దిగుతోంది. వాన అయితే చెప్పి వస్తుంది, రేకులమీద కొడుతుంది, కాలవ కడుతుంది. మంచు మాత్రం ఎవరినీ లేపకుండా పనంతా చేసుకుపోతుంది. తెల్లారేసరికి కారు లేదు, మెట్లు లేవు, పూలకుండీలు లేవు. అన్నీ తెల్లటి గుట్టలే.

ఆ నిశ్శబ్దం నా భ్రమేమోనని మనవణ్ణి అడిగాను. వాడు స్కూల్లో చదువుకున్నది చెప్పాడు. కొత్తగా పడిన పొడిమంచులో నూటికి తొంభై పాళ్ళు గాలే ఉంటుందట. పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీరు. రేకులకీ రేకులకీ మధ్య ఉన్న ఆ సందుల్లోకి శబ్దం వెళ్ళి అక్కడే అణిగిపోతుంది, గోడకు తగిలిన బంతిలా తిరిగి రాదు. దానికితోడు బండ్లు తిరగవు, మనుషులు బయటకు రారు. రెండు మూడు రోజులు గడిచి, పైన కరిగి గడ్డకట్టి పెంకు ఏర్పడితే మళ్ళీ చప్పుళ్ళు మొదలవుతాయి. అంటే ఆ మౌనం ఎన్నాళ్ళో ఉండేది కాదు. సి.ఎల్. లాంటిది, ఉన్నప్పుడే వాడుకోవాలి.

నేను వాడుకున్నాను. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కుర్చీ వేసుకునేవాణ్ణి. అబ్బాయీ, కోడలూ లాప్‌టాపుల ముందు వారి పనుల్లో ఉండేవారు. నాకు పదిన్నరకు చేరవలసిన ఆఫీసు లేదు, తీసుకోవలసిన సంతకం లేదు, రావలసిన మనిషి లేడు. మంచులో చిక్కుకున్నవాడంటే మనకు ముందు గుర్తొచ్చేది పెద్దన గారి ప్రవరుడు. హిమాలయాల మంచుకు కాలి పసరు కరిగిపోయి, ఇంటికి వెళ్ళే దారిలేక అతడు ఎంత అల్లాడిపోయాడో మనుచరిత్ర చదివినవారికి తెలుసు. అతనికి ఇంటిదగ్గర నిత్యకర్మలున్నాయి, పెద్దలున్నారు, ఎదురుచూసే ఇల్లాలుంది. నా కోసం ఎదురుచూసేవారెవరూ ఇంటి దగ్గర లేరు గనక, నేను అల్లాడకుండా కూర్చున్నాను.

అప్పుడొక సంగతి జరిగింది. ఊరంతా మౌనంగా ఉంది. ఎవరి ఇంట్లోనుంచీ రేడియో వినిపించడం లేదు. అంచేత ఆ మౌనం నన్ను ప్రత్యేకించి ఏమీ అనడం లేదు. మూడేళ్ళలో మొదటిసారి మా ఇంటావిడను తీరిగ్గా తలుచుకున్నాను. ఆసుపత్రి రోజులు కాదు. పెళ్ళయిన కొత్తలో చింతపల్లి క్వార్టర్సులో కట్టెపొయ్యి రాజేయలేక ఆవిడ తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పలకరింపులకు వచ్చినవారి మధ్య ఏడవడానికీ వీలుపడలేదు, నవ్వడానికీ వీలుపడలేదు. ఆ కిటికీ దగ్గర రెండూ వీలయ్యాయి.

మధ్యాహ్నాలు చదువుకునేవాణ్ణి. మా అబ్బాయి లైబ్రరీనుంచి ఒక పుస్తకం తెచ్చిచ్చాడు. విల్సన్ బెంట్లీ అని వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే పల్లెటూరి రైతు. 1885 జనవరిలో, పందొమ్మిదేళ్ళ వయసులో, సూక్ష్మదర్శినికి కెమేరా బిగించి ఒక్క మంచురేకును ఫొటో తీశాడు. బతికినన్నాళ్ళూ అదే పని. ఐదు వేలకు పైగా తీశాడు. ఆరు కోణాల ముగ్గుల్లా ఉంటాయవి. మన ఆడపిల్లలు సంక్రాంతికి వేసే ముగ్గులు చూసినవాళ్ళకు అవి కొత్తగా అనిపించవు. చలిలో, ఊపిరి తగిలితే కరిగిపోయే వస్తువుముందు, ఒక్కడే కూర్చుని చేసిన పని అది. ఆయన చిత్రాల పుస్తకం 1931లో వెలువడింది, ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు. ఏకాంతం అంటే ఏమీ చేయకుండా కూర్చోవడం కాదు, చూడవలసినదాన్ని తీరిగ్గా చూడడం అని ఆ రైతు నాకు నేర్పాడు.

మిత్రులారా, ఇంతవరకు విని "అబ్బ, ఎంత బాగుంది" అనుకుంటే సగమే విన్నట్టు. మంచు చల్లగా ఉండటమే కాదు, చంపుతుంది కూడా. రాత్రిళ్ళు సున్నాకు ఇరవై డిగ్రీల కిందకు పోయేది. నేలమీద కంటికి కనబడని గాజులాంటి పొర ఉంటుంది, మన వయసులో దానిమీద పడితే తుంటి ఎముకే. చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది. ఆ స్థితిలో బరువైన మంచును పారతో ఎత్తిపోస్తూ గుండెపోటుతో పోయేవాళ్ళు అక్కడ ఏటా ఉంటారు. పిల్లలకు సాయం చేద్దామని మీరెవరూ ఆ పార పట్టకండి. ఒక మందపాటి కోటుకంటె రెండు మూడు పొరలుగా బట్టలు వేసుకోవడం, పట్టుండే బూట్లు, సరిపడా మందులు, ఆరోగ్య బీమా, ఇవి లేనిదే చలికాలంలో విమానం ఎక్కకండి.

అంత మంచులోనూ ఊరు ఎలా నడుస్తోందని నాలోని గుమాస్తా ఆరా తీశాడు. అక్కడ మంచుకు కూడా నిబంధనలున్నాయి! పెద్ద మంచు పడితే నగరపాలక సంస్థ అత్యవసర ప్రకటన చేస్తుంది. వరసగా మూడు రోజులు, ఏ రోజు రోడ్డుకు ఏ పక్క బండి నిలపకూడదో ముందే రాసి ఉంటుంది. మంచు తోసే బండ్లు ఆ ప్రకారం వస్తాయి. మంచు ఆగిన 24 గంటల్లోగా ఎవరి ఇంటి ముందు కాలిబాట వాళ్ళు శుభ్రం చేయాలి.

మా అబ్బాయి తన వాకిలితో ఆగేవాడు కాదు. పక్కింటి కాలిబాట, మెట్ల దాకా దారీ తీసి వచ్చేవాడు. అక్కడ ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఒకరోజు టీకి పిలిస్తే వెళ్ళాను. కిటికీ దగ్గర బల్లమీద బొమ్మ ముక్కలు పరుచుకుని కూర్చుతున్నారు. "ఒంటరిగా భయం లేదా?" అని అడిగాను. తనకు అన్ని కాలాల్లోకీ చలికాలమే ఇష్టమని, ఎవరూ రారు గనక, ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు గనక హాయిగా ఉంటుందని చెప్పారు. నాకు ఆశ్చర్యం వేసింది.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి అసలు సంగతి చెప్పాడు. ఆవిడ రోజూ పొద్దున లేవగానే వంటింటి కిటికీ తెర పైకెత్తుతారు. అది మా వంటింట్లోకి కనిపిస్తుంది. తొమ్మిదయినా తెర లేవకపోతే మా కోడలు ఫోను చేయాలి, తీయకపోతే తాళంచెవి పట్టుకుని వెళ్ళాలి. అది రెండిళ్ళ మధ్య ఒప్పందం. ఆ చలికాలం అంతా ఒక్కసారీ ఫోను చేయవలసిన అవసరం రాలేదు. కాని చేసేవాళ్ళు ఉన్నారని ఆవిడకు తెలుసు. ఆవిడ హాయి వెనక ఉన్నది అదీ.

ఒంటరితనానికీ ఏకాంతానికీ తేడా నాకు అక్కడ అర్థమైంది. గదిలో మనిషి ఒక్కడే. చుట్టూ నిశ్శబ్దమే. కాని వాకిట్లో దారి తీసి ఉంటే అది ఏకాంతం, తీసేవాడు లేకపోతే అది ఒంటరితనం. మంచు అందరి గుమ్మాలనూ ఒకేలా కప్పేస్తుంది. తేడా తెచ్చేది పారపట్టిన పక్కింటివాడే.

మన ఊళ్ళో మంచు పడదు. కాని పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో ఉండి, జోడు పోయి, ఒక్కరే ఉంటున్న సభ్యులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వారి గుమ్మాలముందు కంటికి కనబడని మంచు పేరుకుంటోంది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోను చేయాలంటే, చలికాలంలో మనకూ మినియాపొలిస్‌కూ పదకొండున్నర గంటల తేడా. మనకు తెల్లవారుజామున గుండెనొప్పి వస్తే వాడు ఏం చేయగలడు? చేయగలిగినవాడు పక్క వీధిలో ఉన్న పెన్షనరే.

అందుకని అధ్యక్షులవారికి నాదొక ప్రతిపాదన. ఒంటరిగా ఉంటున్న సభ్యుల జాబితా వార్డుల వారీగా తయారుచేద్దాం. దగ్గర దగ్గరగా ఉన్నవారిని ఇద్దరిద్దరిగా జతచేద్దాం. ఉదయం ఎనిమిది లోపల ఒకరికొకరు ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే చాలు. పైసా ఖర్చు లేదు, మాట్లాడాలన్న బలవంతం లేదు. కాల్ రాకపోతే రెండోవారు వెళ్ళి తలుపు తట్టాలి. జాబితా రాసే పని, తప్పుల్లేకుండా నిలిపి ఉంచే పని నాకు అప్పగించండి. ముప్ఫై ఆరేళ్ళు రిజిస్టర్లే రాశాను, చెయ్యి ఇంకా మరిచిపోలేదు.

ఏడాదికొకసారి మనం బతికే ఉన్నామని ట్రెజరీకి జీవన ప్రమాణ పత్రం ఇస్తున్నాం. అదే మాట రోజుకొకసారి పక్కవారికి కూడా తెలియజేద్దాం. ఆ తరవాత రోజంతా తలుపు వేసుకుని, మన నిశ్శబ్దంలో మనం నిశ్చింతగా కూర్చోవచ్చు.

పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల దగ్గర నన్ను కలవగోరుతున్నాను. సెలవు.