కెమెరా కొనే ముందు

మన రాజపాళయంలో కెమెరా కొనాలనుకునేవారు ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: దానితో ఏం తీస్తాం?

పెళ్లిళ్లు, ఇంటి వేడుకలైతే తక్కువ వెలుతురులోనూ బాగా పనిచేసే పెద్ద సెన్సర్ ముఖ్యం. పడమటి కనుమల్లో కొనకొమ్మల మీద తిరిగే బూడిదరంగు బెట్టుడుతను తీయాలంటే జూమ్ కావాలి, అదీ ఆప్టికల్ జూమ్. డిజిటల్ జూమ్ బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుందంతే. తోక వెంట్రుకలు అలుక్కుపోతాయి. మెగాపిక్సెళ్ల లెక్కకు మోసపోకండి. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పున్న ఫొటోకు 12 మెగాపిక్సెళ్లు చాలు.

ఇక సంచి. కెమెరాను దుకాణానికి పట్టుకెళ్లి, లోపల పెట్టి చూడండి. జిప్పు బలవంతంగా లాగకుండానే మూసుకోవాలి. కెమెరా అటూ ఇటూ కదలకూడదు. మెత్తటి గోడలు, బ్యాటరీకీ మెమరీ కార్డుకీ వేరు అరలు ఉండాలి. అయ్యనార్ కోయిల్ జలపాతానికి వెళ్లేవారికి వాన తొడుగు తప్పనిసరి. చెమ్మ నిలిస్తే లెన్సుకు బూజు పడుతుంది. అందుకే సంచిలో సిలికా జెల్ పొట్లం వేయండి; తడిసిన సంచిలో మాత్రం కెమెరాను దాచకండి.